గుట్ట కింద చెప్పిన మాట

దిల్‌సుఖ్‌నగర్,
శివరాత్రి వెళ్లిన గురువారం

చిరంజీవి తమ్ముడు మహిపాల్‌కు,

అక్క యాదలక్ష్మి దీవెనలు. నరసింహస్వామి నీడలో ఇక్కడ మేమందరం బాగున్నాము. నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చునేలోపే ఎల్బీనగర్ వచ్చేస్తుంది, ఈ మాత్రం దూరానికి ఉత్తరాలేమిటని మీ జంగయ్య బావ నవ్వుతారు. నవ్వనీ. ఫోన్‌లో నీకు మాట రాదు. మెసేజ్ పంపితే నీలం గీతలు పడ్డాయా లేదా అని చూస్తూ అన్నం కూడా మానేస్తావు. నాకూ ఇదే నయం. పదో తరగతి తర్వాత నేను కలం పట్టడం నీ కోసమే.

నీ చెవుల్లో ఏ లోపమూ లేదని చెవి డాక్టరు చెప్పాడని, ఆయన పంపిన డాక్టరమ్మ నీకున్నది ఆటిజం అని తేల్చిందని రాశావు. ఆమె నాకు ఫోన్ చేసి నీ చిన్నతనం గురించి అడిగినప్పుడు అది ఇందుకని నాకు తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పాను. పిండిగిర్ని దగ్గరికి పోతే చెవులు మూసుకుని ఏడ్చేవాడివని, అన్నానికి కూర తగిలితే పళ్లెం వదిలేసేవాడివని, చుట్టాలొస్తే గడ్డివాము వెనక దాక్కునేవాడివని. మొండోడని నాన్న నిన్ను కొట్టేవాడని కూడా చెప్పాను.

నాకు తెలిసినంతలో అది చిన్నపిల్లలకు చెప్పే మాట. నలభై దాటిన మనిషికి ఇప్పుడు కొత్తగా ఎలా వస్తుంది? ఏమైనా కానీ, బెంగపడకు. ఇద్దరం యాదగిరిగుట్టకు పోదాం. స్వామి చుట్టూ ప్రదక్షిణలు చేసి ఎంతమంది బాగుపడలేదు!

ఒక్క మాట. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. నీ మేనకోడలు జ్యోతికకు బడంగ్‌పేట్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు ప్రణీత్. భూములున్నవాళ్లు, అయినా గొప్పలకు పోరు. అది కూడా ఇష్టపడింది. అతని పేరు ఎత్తినప్పుడు దాని ముఖం చూడాలి నువ్వు.

ఆదివారం తప్పకుండా రా. అన్నం, పెరుగు వేరువేరు గిన్నెల్లో పెడతాను.

ఆశీర్వదిస్తూ,
అక్క


ఎల్బీనగర్,
మార్చి 9

అక్కకు,

మహిపాల్ రాస్తున్నాను. నేను బాగున్నాను. మోకాలి నొప్పి ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇది కొత్తగా రాలేదు. పుట్టినప్పటి నుంచి ఉంది. పేరు ఇప్పుడు తెలిసింది. ఇది తగ్గించవలసిన జబ్బు కాదని, నా మెదడు తీరే అంతని డాక్టరమ్మ చెప్పింది. అందుకని ప్రదక్షిణలు వద్దు. గుట్ట మీద మైకు చాలా పెద్దగా ఉంటుంది.

ఆమె చెప్పాక నేను కిందికి దిగి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. బాధతో కాదు. బడిలో సారు మొద్దు అన్నాడు. నాన్న మొండోడు అన్నాడు. చుట్టాలు పొగరు అన్నారు. ఊళ్లో పిల్లలు తిక్కోడు అన్నారు. ఇన్నేళ్లూ నేను అవన్నీ నిజమే అనుకున్నాను. ఒక్క మనిషి అన్నీ ఎలా అవుతాడో మాత్రం తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్క పేరు చాలు.

ఎవరికీ చెప్పొద్దని రాశావు. నీ ఉత్తరం రాకముందే ఇద్దరికి చెప్పాను. ఒకరు మా కళ్లద్దాల దుకాణం యజమాని సాంబమూర్తి గారు. వెనక గదిలో అద్దాలు ఫ్రేములకు బిగించడం నా పని. రద్దీ ఎక్కువైతే నన్ను ముందు కౌంటర్‌కు పిలుస్తారు. అది నాకు కష్టమని, కారణం ఇదని చెప్పాను. ఆయన "అయ్యో, ముందే చెప్పొద్దూ నాయనా! ఇన్నాళ్లూ ఎంత ఇబ్బంది పడ్డావో ఏవిటో" అన్నారు. చాలా మంచిగా అన్నారు. మరునాటి నుంచి నన్ను వెనక తలుపు గుండా రమ్మన్నారు. కస్టమర్లు భయపడతారట. వాళ్లు ఎన్నో ఏళ్లుగా నన్ను చూస్తూనే ఉన్నారు. అప్పుడు భయపడలేదు.

నాతో పనిచేసే జగన్, "ఏందే అన్నా, నీకు కరెంటు పెడ్తరా మరి?" అని అడిగాడు. పెట్టరని చెప్పాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారని అడిగితే ఇంకా నవ్వారు.

రెండో మనిషి మా ఇంటి ఓనరు కిష్టమ్మ గారు. "మంచిగుంటివి గదనయ్యా, గిదేం పాడైంది నీకు?" అన్నది. అప్పటి నుంచి పొద్దున్నే ఎవరో నా గది గడప మీద నిమ్మకాయ పెడుతున్నారు. నేను తొక్కకుండా దాటి వస్తున్నాను.

జ్యోతిక ముఖం చూడమన్నావు. ఆదివారం చూస్తాను.

ఇట్లు,
మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
ఉగాది మరునాడు

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం చదువుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ నిమ్మకాయ సంగతి మనసులో పెట్టుకోకు. కిష్టమ్మ చెడ్డమనిషి కాదు, తెలియని మనిషి.

ఇప్పుడు సంతోషం కబురు. వచ్చే ఆదివారం బడంగ్‌పేట్ వాళ్లు మాట ముచ్చటకు మన ఇంటికి వస్తున్నారు. అమ్మ లేదు, నాన్న లేడు. నా పుట్టింటి తరఫున నువ్వొక్కడివే. మేనమామ లేకుండా పెళ్లి మాటలు మాట్లాడరు. రేపు పెళ్లిపిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేదీ నువ్వే, పీటల మీద కూర్చునేటప్పుడు నాకు పుట్టింటి చీర పెట్టేదీ నువ్వే. అందుకని నువ్వు ఉండి తీరాలి.

నీకు కష్టమని తెలుసు. ఏం చేయాలో ముందే చెప్పమని నువ్వే అంటావు కదా, రాస్తున్నాను. నీలం చొక్కా వేసుకో. ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నానని మాత్రమే చెప్పు, మోకాలి సంగతి వద్దు. మాట్లాడేవాళ్ల కళ్లలోకి చూడు, లేకపోతే లక్ష్యం లేదనుకుంటారు. చెవులు మూసుకోకు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చో. బస్సు నంబర్ల ముచ్చట తీయకు. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది చెప్పకు. అంతే. మిగతాది మీ బావ చూసుకుంటారు.

పిల్లవాడి తల్లి పేరు భారతమ్మ. ఆమె కూడా నాలాగే శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి, నరసింహస్వామి భక్తురాలు. అది వినగానే నా మనసు సగం కుదుటపడింది.

అక్క


ఎల్బీనగర్,
ఏప్రిల్ 7

అక్కకు,

నేను క్షేమంగా గదికి చేరాను. నిన్న జరిగింది నాకు పూర్తిగా అర్థం కాలేదు. అందుకని వరుసగా రాస్తున్నాను. తప్పు ఎక్కడుందో నువ్వు చూసి చెప్పు.

నీలం చొక్కా వేసుకున్నాను. ప్రణీత్ వాళ్ల నాన్న "బాగున్నరా" అన్నారు. బాగున్నానన్నాను. వంటింట్లో మిక్సీ వేశారు. ఎవరి పిల్లవాడో పీపీ ఊదుతున్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. నేను చేతులు మోకాళ్ల మీద నుంచి తీయలేదు. గోళ్ల గుర్తులు ఇవాళ కూడా ఉన్నాయి.

భారతమ్మ గారు నాతో మాట్లాడారు. ఆమె కళ్లలోకి చూశాను. ఎంతసేపు చూడాలో నువ్వు రాయలేదు. అందుకని ఆమె చూపు తిప్పుకునేదాకా చూశాను. ఆమె "మరి మీరెందుకు పెండ్లి చేసుకోలే?" అని అడిగారు. అడిగినదానికి జవాబు చెప్పమన్నావు. "నాకు ఆటిజం ఉందండి. పుట్టినప్పటి నుంచి ఉంది, మొన్ననే తెలిసింది. మనుషులతో ఒకే గదిలో ఎక్కువసేపు ఉండలేను, అందుకని చేసుకోలేదు" అన్నాను.

తర్వాత గదిలో అందరూ మాట్లాడడం ఆపారు. పీపీ కూడా ఆగింది. నాకు చాలా హాయిగా అనిపించింది.

అప్పుడు బావ నా మోచేయి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లాడు. అలా పట్టుకుంటే నాకు పడదని ఆయనకు తెలుసు. "నోరు జర బందు పెట్టుకోరాదుర!" అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. వాళ్లు వెళ్లేటప్పుడు భారతమ్మ గారు నా వైపు చూడలేదు. జ్యోతిక చూసింది. దాని ముఖంలో ఏముందో నాకు తెలియలేదు.

నువ్వు రాసినవన్నీ చేశాను. తప్పు చేశానా?

మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
శ్రీరామనవమి వెళ్లిన వారం

తమ్ముడికి,

నువ్వే తప్పూ చేయలేదు. అడిగారు, చెప్పావు.

ఇంటికి రంగులు వేయిస్తున్నాము. ఆ వాసన నీకు పడదు కదా. కొన్నాళ్లు ఆదివారాలు రాకు. అయిపోగానే నేనే రాస్తాను. మామిడికాయ పచ్చడి పెట్టాను, కారం లేకుండా నీకు కొంచెం వేరే తీశాను. వీలు చూసి పంపుతాను.

ఒంట్లో జాగ్రత్త.

అక్క


ఎల్బీనగర్,
మే 2

అక్కకు,

నిన్న దుకాణం సెలవు. నేను మీ వీధికి వచ్చాను. లోపలికి రాలేదు, రావద్దన్నావు కాబట్టి. ఎదురుగా మందుల దుకాణం దగ్గర నిలబడి చూశాను. ఇల్లు పాత రంగులోనే ఉంది. నిచ్చెన లేదు. గుమ్మం ముందు రంగు చుక్కలు లేవు. జ్యోతిక డాబా మీద బట్టలు ఆరేసింది. రంగులు వేసేటప్పుడు డాబా మీద బట్టలు ఆరేయరు.

నాకు కోపం రాలేదు. నువ్వు అబద్ధం రాశావంటే దాని వెనక ఏదో ఉంటుంది. అది ఊహించడం నాకు చేతకాదు. అందరూ మాటల మధ్య దాచి చెబుతారు, మిగతావాళ్లకు తెలుస్తుంది, నాకు తెలియదు. చిన్నప్పుడు నువ్వు నన్ను పక్కకు పిలిచి "చూడు, వాళ్లు అన్నది ఇదీ" అని చెప్పేదానివి. ఇప్పుడు కూడా అలా చెప్పు. ఎంత చెడ్డదైనా పరవాలేదు.

మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
నరసింహ జయంతికి ముందు

నా తమ్ముడు మహిపాల్‌కు,

నిన్ను మందుల దుకాణం దగ్గర ఎండలో నిలబెట్టిన దాన్ని. రంగులు అబద్ధం. ఇప్పుడు రాసేది నిజం.

వాళ్లు వచ్చి వెళ్లిన మూడోనాడు భారతమ్మ ఫోన్ చేసింది. "వదినా, పిల్ల బంగారమే. గానీ మీ తమ్మునికున్నది రేపు మా మనుమలకు రాదని ఎట్ల నమ్మాలె?" అన్నది. మీ బావ నా చేతిలో నుంచి ఫోన్ తీసుకున్నారు. "అయ్యో చెల్లెమ్మా, మీరు పరేషాన్ గాకుండ్రి. వాడు మా యాదలక్ష్మికి తోడబుట్టినోడు గాదు. ఎవరో వదిలేసి పోతే మా అత్తమ్మ సాకింది. మా రక్తమే గాదు" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. అది కాదని అనలేదు, అవునని అనలేదు.

వాళ్లు కొంత నమ్మారు, కొంత నమ్మలేదు. ఇప్పుడు భారతమ్మ ఒక్కటే అడుగుతోంది. పసుపు కుంకుమలు మార్చుకునే ముందు గుట్టకు పోవాలి, కొండ కింద స్వామి ఎదుట కర్పూరం వెలిగించి, నువ్వు నాకు తోడబుట్టినవాడివి కాదని నేను ప్రమాణం చేసి చెప్పాలి. "జంగయ్యన్న మాట మీద నాకు నమ్మకం లేదు వదినా, నీ మాట మీద ఉంది. నువ్వు ఆయన మీద అబద్ధమాడవు" అన్నది.

ఆమెను తిట్టుకుందామంటే తిట్టుకోలేను. ఆమె ఆడబిడ్డ కొడుక్కి మాట రాదట. ఆ పిల్లవాడి పేరు చెప్పి, వాడి అక్కకు వచ్చిన సంబంధాలు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి పోయాయట. "నేను చూసిన వదినా, నాకు భయం" అని ఏడ్చింది.

జ్యోతిక పెళ్లి దీని మీద ఆగి ఉంది. అది నా దగ్గర కూర్చుని, "రెండు మాటలే గదనే అమ్మా, చెప్పెయ్. మనం ఎందుకు చెప్పినమో దేవునికి తెల్వదా?" అన్నది. అని, లేచి స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చింది. నీళ్ల చప్పుడులో కూడా వినబడింది.

నాకు పెట్టిందే ఆ యాదగిరి నరసన్న పేరు. అమ్మ నన్ను ఆయన మొక్కుతో కన్నది. ఆయన ఎదుట నిలబడి నేనేం చెప్పను?

నువ్వు ఏమంటావు? ఒకవేళ ఎవరైనా వచ్చి అడిగితే, వాళ్లు నన్ను సాకిండ్రు అని చెప్పగలవా? అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

అక్క


ఎల్బీనగర్,
మే 9

అక్కకు,

తిన్నగా చెప్పినందుకు సంతోషం.

నువ్వు అడిగిన రెండో దానికి ముందు జవాబు. చెప్పలేను. చెప్పకూడదని కాదు, నోరు తిరగదు. నేను అమ్మ కడుపులోంచే వచ్చాను. నేను పుట్టేటప్పుడు మంత్రసానికి వేడినీళ్లు తెచ్చింది నువ్వేనని, చెయ్యి కాలిందని నువ్వే చూపించావు. అది లేదని ఎలా అనుకోవాలో నాకు తెలియదు.

భారతమ్మ గారి భయం గురించి డాక్టరమ్మను అడిగాను. కుటుంబంలో రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నది. తర్వాత ఆమె నన్ను అడిగింది, వస్తే ఏమవుతుందని. నేను ఆలోచించాను. వస్తే నాలాంటి మనిషి ఒకడు పుడతాడు. పిండిగిర్ని దగ్గర ఏడుస్తాడు. అద్దాలు బాగా బిగిస్తాడు. అది అంత చెడ్డదా అక్కా? ఎత్తిపొడవడానికి అడగడం లేదు. నాకు తెలియక అడుగుతున్నాను.

మొదటి దానికి జవాబు. ప్రమాణం నువ్వు చేసేది, నువ్వే తేల్చుకోవాలి. జ్యోతిక ఏడవడం నాకు ఇష్టం లేదు. పెళ్లికి నేను రాకపోతే సరిపోతుందంటే రాను. రాకుండా ఉండడం నాకు కష్టం కాదు, చిన్నప్పటి నుంచి అలవాటే. నువ్వు గుట్ట దగ్గర ఏం చెప్పావో మాత్రం నాకు రాయి. నేను ఎవరినో నాకు తెలిసి ఉండాలి.

మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
నరసింహ జయంతి అయిన మూడోనాడు

తమ్ముడూ,

చెప్పాను.

ఎలా జరిగిందో నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను? పొద్దున్నే రెండు కార్లలో పోయాము. కొండ కింద మెట్ల మొదట్లో భారతమ్మ కొంగులోంచి కర్పూరం తీసింది. నా అరచేతిలో తమలపాకు పెట్టి, దాని మీద బిళ్ల పెట్టి వెలిగించింది. మీ బావ వాచీ చూసుకుంటున్నారు. జ్యోతిక తల వంచుకుంది.

"సామి సాక్షిగ చెప్పు వదినా. నీకు తోడబుట్టిన తమ్ముడున్నడా?"

ఆకు వేడెక్కుతోంది. పైన గోపురం వైపు చూద్దామని తల ఎత్తాను, ఎండకు కళ్లు చెదిరి ఏమీ కనబడలేదు. జ్యోతిక ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది.

"లేడు" అన్నాను.

ఆ మంటను ఇంకో చేత్తో కొట్టి ఆర్పాను. భారతమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. "మాఫ్ చెయ్ వదినా, పిల్లగాండ్ల కోసం అడిగిన" అన్నది. అందరూ దర్శనానికి పైకి పోయారు. నేను మోకాళ్ల నొప్పులని చెప్పి కిందే కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగిన తర్వాత గుట్ట దాకా పోయి స్వామి ముఖం చూడకుండా తిరిగి రావడం ఇదే మొదలు.

పెళ్లి శ్రావణంలో. నువ్వు రావద్దు తమ్ముడూ. వచ్చావంటే ఎవరో ఒకరు అడుగుతారు, నువ్వు చెబుతావు.

నోరు అన్నది, మనసు అనలేదు. నువ్వు నా తమ్ముడివే. ఈ రెండు మూడు నెలలు ఓర్చుకో. పెళ్లయి పిల్ల అత్తింట్లో కుదురుకున్నాక అన్నీ సర్దుకుంటాయి. మళ్లీ ఆదివారాలు వద్దువు గాని. మన మధ్య ఏమీ మారదు.

జవాబు రాయి.

అక్క


దిల్‌సుఖ్‌నగర్,
శ్రావణ బహుళంలో, శనివారం

చిరంజీవి మహిపాల్‌కు,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. బోనాలు వెళ్లాయి, పెళ్లి కూడా వెళ్లింది. ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు. ఒంట్లో బాగుందా? పనికి పోతున్నావా? మీ బావను పంపి కనుక్కుందామంటే నాకు ధైర్యం లేదు.

పెళ్లి బాగా జరిగింది. హాలు మీ సాగర్ రింగ్ రోడ్డు దగ్గరే. బ్యాండు నీకు వినబడే ఉంటుంది.

నీకు తెలియాలని రాస్తున్నాను. పిల్లను తీసుకురండని పెళ్లి చేయించే అయ్యగారు మైకులో పిలిచారు. "పెండ్లిపిల్ల మేనమామ ఎవరయ్యా? జల్ది రావాలె" అన్నారు. రెండోసారి కూడా పిలిచారు. మీ బావ మన చిట్యాల చిన్నమ్మ కొడుకు అంతయ్యను ముందుకు తోశారు. అతనికి జ్యోతిక పేరు కూడా సరిగా తెలియదు. గంప ఎత్తేటప్పుడు "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాడట. జ్యోతిక తర్వాత ఆ మాట చెప్పి నవ్వబోయింది, నవ్వు రాలేదు.

నాకు చీర కూడా అతనే పెట్టాడు. మీ బావే కొని అతని చేతికిచ్చిన చీర. మన ఊరి హనుమాయమ్మ వచ్చి, "ఏందే యాదీ, మహిపాల్ ఏడి? మీయమ్మ లచ్చమ్మ కొడుకుండంగ గీ అంతయ్యతోని పెట్టించుకుంటివి?" అన్నది. పక్కనే భారతమ్మ చుట్టాలున్నారు. సన్నాయి చప్పుడులో ఎవరూ వినలేదు. నేను హనుమాయమ్మ చేయి నొక్కాను. ఆమె నా ముఖం చూసి ఊరుకుంది. పెద్దది, ఆమెకు అర్థమై ఉంటుంది. అందుకే అన్నం తినకుండా పోయింది.

గుట్ట నుంచి వచ్చినప్పటి నుంచి నేను దేవుడి గదిలో దీపం పెడుతున్నాను కాని తల ఎత్తి పటం చూడడం లేదు.

ఇంక భయం లేదు. పెళ్లయిపోయింది. వచ్చే ఆదివారం భోజనానికి రా. మీ బావ కూడా రమ్మనే అన్నారు. ఇంటి దగ్గర ఎవరైనా ఉంటే చూసి వద్దువు.

అక్క


ఎల్బీనగర్,
సెప్టెంబర్ 12

యాదలక్ష్మి గారికి,

మహిపాల్ నమస్కరించి రాస్తున్నది. మీ రెండు ఉత్తరాలూ అందాయి. నేను బాగున్నాను. పనికి పోతున్నాను.

ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం ఉత్తరం మొదట్లో ఏమని పిలవాలో తేలకపోవడమే. చాలాసార్లు మొదలుపెట్టి ఆపాను. ఇప్పుడు తేలింది కాబట్టి రాస్తున్నాను.

నేను ఎవరినో రాయమని అడిగాను. మీరు రాశారు. నోరు అన్నది, మనసు అనలేదని కూడా రాశారు. ఆ రెండూ వేరువేరుగా ఎలా ఉంటాయో నాకు తెలియదు. నాకు ఒక్కటే ఉంది. మీరు ఇంతవరకు నరసింహస్వామి ఎదుట అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క మాట అబద్ధం కాకూడదు. నేను పాత పిలుపు పిలిచిన ప్రతిసారీ అది అబద్ధం అవుతుంది. మీరు పటం వైపు చూడడం లేదని రాశారు. నేను పిలవడం మానేస్తే ఆ మాట నిజమవుతుంది, మీరు తల ఎత్తి చూడవచ్చు. అందుకని మానేశాను. కోపం వల్ల కాదు. కోపం వస్తే నాకు మెడ వేడెక్కుతుంది. ఇప్పుడు వేడెక్కలేదు. ఇంకేదో ఉంది, దాని పేరు డాక్టరమ్మను అడగాలి.

బ్యాండు వినిపించింది. చెవులు మూసుకోలేదు. మీ అమ్మాయి పెళ్లి కాబట్టి అయిపోయేదాకా విన్నాను.

భోజనానికి పిలిచారు. ఎవరైనా ఉంటే చూసి రమ్మన్నారు. వాళ్లు నన్ను ఎవరని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మీకు నేను ఏమీ కానప్పుడు ఆదివారం ఆదివారం మీ ఇంట్లో తినడం కూడా సరికాదు. అందుకని రాలేను.

నాకు ఒక సందేహం ఉంది. మీరే తీర్చాలి, ఇంకెవరిని అడగాలో తెలియదు.

ఈ నెల 21, ఆదివారం పెత్రమాస. ఆ రోజు చనిపోయిన తల్లిదండ్రుల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇవ్వాలి. నేను ఏటా తప్పకుండా ఇక్కడి గుడిలో లచ్చమ్మ గారి పేరు మీద, మట్టయ్య గారి పేరు మీద ఇస్తున్నాను. పోయినేడు మీరూ వచ్చి చేట పట్టుకున్నారు. ఆ రోజు రద్దీగా ఉంటుంది, అయినా నేను పోతాను. అయ్యగారు ముందు పేర్లు అడుగుతారు. తర్వాత వాళ్లు నీకేమవుతారని అడుగుతారు.

మీకు తోడబుట్టినవాడు లేడంటే, లచ్చమ్మ గారికి కొడుకు లేడు. మరి బియ్యం నేను ఇవ్వవచ్చా? ఇస్తే ఆమెకు చేరుతుందా? అయ్యగారు ఆమె నాకేమవుతుందని అడిగితే ఏం చెప్పాలి?

మీరు ఏది రాస్తే అదే చెబుతాను. పెత్రమాసకు ముందే అందేట్టు రాయండి.

ఇట్లు,
మహిపాల్